రావిచెట్టు ఆకు రాల్చే ముందు

ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పి, ఈ జనవరిలో పదవీ విరమణ చేశాను. బీరువా నిండా పాఠాల నోటు పుస్తకాలే. ఇక వీటితో పనేముందని సంచుల్లో కట్టేసి, పాత కాగితాలు కొనే అతని కోసం అరుగు మీద కూర్చున్నాను. ఎదురుగా రావిచెట్టు. ఫాల్గుణం కదా, సగం బోసిపోయి ఉంది. ఇన్నేళ్లూ దాని గురించి చెప్పడమే తప్ప తీరిగ్గా చూసింది తక్కువ.

పచ్చి రావి ఆకును తుంచితే తెల్లటి పాలు బొట్లుబొట్లుగా ఉబికి వస్తాయి. పక్కనే ఉన్న పండుటాకు వేలితో తాకగానే చేతిలోకి ఊడి వస్తుంది, ఊడిన చోట చెమ్మ కూడా కనిపించదు. మొదటి ఆకును మనం తెంపాం. రెండో ఆకును చెట్టే సిద్ధం చేసి పంపింది.

కాడ కొమ్మను కలిసే చోట పలుచని కణాల పొర ఒకటి ఉంటుంది. ఆకు లేతగా, బలంగా ఉన్నంత కాలం ఆక్సిన్ అనే హార్మోనును కాడ గుండా పంపుతూ ఉంటుంది. అది అందుతున్నన్నాళ్లు ఆ పొర గట్టిగానే ఉంటుంది. ఆకు ముదిరి ఆక్సిన్ తగ్గితే ఎథిలీన్‌ది పైచేయి అవుతుంది. కాయలను మాగబెట్టే వాయువు ఇదే. కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను ఎంజైములు కరిగిస్తాయి. కొమ్మ వైపు బెండు లాంటి పొర ఏర్పడి ఆ చోటును మూసేస్తుంది. ఆకు రాలిన మచ్చను భూతద్దంతో చూడండి, సన్నని చుక్కలు కనిపిస్తాయి. ఒకప్పుడు నీరూ ఆహారమూ నడిచిన నాళాల ఆనవాళ్లవి.

నన్ను కదిలించేది మాత్రం అంతకు ముందు జరిగే పని. ఆకులోని ప్రోటీన్లను విడగొట్టి, వాటిలోని నత్రజనిని, దానితోపాటు భాస్వరాన్ని చెట్టు కొమ్మల్లోకి వెనక్కి తీసుకుంటుంది. ప్రపంచవ్యాప్తంగా వేర్వేరు చెట్ల మీద తీసిన కొలతల ప్రకారం సగటున సగం, అంతకు మించి కూడా. కాల్షియం కదలదు, ఆకుతోపాటే నేలకు చేరుతుంది. పత్రహరితం విరిగిపోయాక బయటపడే పసుపు కూడా కొత్తగా వచ్చింది కాదు, ఆకు పచ్చగా ఉన్నప్పుడు లోపల దాగి ఉన్నదే. ఇక ఆకు కాడ మొదట్లో, కొమ్మకు ఆనుకుని, కంటికి ఆనీ ఆననట్టు ఒక మొగ్గ ఉంటుంది. ఆకు పచ్చగా ఉండగానే అది తయారై కూర్చుంది.

ఆ సాయంత్రం సంచులు విప్పాను. ఏం పారేస్తున్నానో చూడకుండా పారేయబుద్ధి కాలేదు. ఒక పుస్తకం మార్జిన్‌లో, ఏడో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న రాసుకుని ఉంది: "వసంతం వచ్చిందని చెట్టుకు ఎవరు చెబుతారు సార్?" కింద నా జవాబు: "ఎండ." అంతే.

ఆ పిల్లకు అంతకంటే మంచి జవాబు అందాల్సింది. మన దగ్గర వానలు జూన్‌లో కదా, మరి నేల ఎండిపోయిన మార్చిలో చిగురు ఎలా వస్తుంది? కోస్టారికాలోని గ్వానకాస్టే పొడి అడవుల్లో రోల్ఫ్ బోర్చెర్ట్ అనే శాస్త్రవేత్త ఈ చిక్కుముడిని విప్పాడు. ఆకులు రాలితే నీరు ఆవిరై పోవడం ఆగుతుంది. ఎండిన కాండం మళ్లీ నీటితో నిండుతుంది. ఆ నీటితోనే మొగ్గలు విచ్చుకుంటాయి. రాల్చడమే చిగురుకు నీళ్లు సమకూర్చిందన్నమాట. ఆసియా రుతుపవనాల అడవుల్లోనూ చాలా చెట్లు వానలకు ఎన్నో వారాల ముందే చిగురిస్తాయి. వాటిలో కొన్నింటికి పగటి పొడవు పెరగడమే కబురు. హైదరాబాద్‌లో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలు, జూన్‌లో 13 దాటుతుంది. రోజుకు నిమిషమైనా పూర్తిగా పెరగని ఆ తేడాను చెట్టు పసిగడుతుంది.

పాత కాగితాల అతను రెండుసార్లు వచ్చి వెళ్లాడు. రావి కొమ్మల చివర ఇప్పుడు రాగి రంగు లేతాకులు వేలాడుతున్నాయి. "ఎండ" అన్న మాట పక్కన కామా పెట్టి, మిగతా జవాబు రాస్తున్నాను.