నిమ్మాకు మీద రెట్టలాంటి పురుగు

పొదలకూరు వైపు నిమ్మతోటల్లో లేత చివుళ్లు వెతికితే, పిట్ట రెట్ట వేసినట్టు గోధుమ, తెలుపు మచ్చలతో వేలిగోరంత పురుగు కనిపిస్తుంది. ఫొటో తీసి, జీవుల్ని నమోదు చేసి పేరు తేల్చుకునే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టండి. కాసేపట్లో పాపిలియో డెమోలియస్, అంటే నిమ్మ సీతాకోకచిలుక అని పేరు చూపిస్తుంది. నిజమే కావచ్చు. కానీ అదే నిమ్మ మీదా, పెరట్లో కరివేపాకు మీదా గుడ్లు పెట్టే పాపిలియో పాలిటిస్ పిల్ల కూడా చిన్నప్పుడు అచ్చం రెట్టలాగే ఉంటుంది. ఒక్క ఫొటోతో ఆ రెంటినీ విడదీయాలంటే చేయితిరిగినవాళ్లే తటపటాయిస్తారు. యాప్ తటపటాయించదు.

దానికి కారణముంది. జనం పెట్టిన ఫొటోలు చూసి చూసి నేర్చుకున్న ప్రోగ్రాం అది. ఒక జాతికి సుమారు వంద ఫొటోలు పోగైతే గానీ దాన్ని పాఠంలో చేర్చరు. చేర్చని జాతి ఎదురైతే, తెలిసినవాటిలో దగ్గరి పోలిక ఉన్నదాని పేరు చెబుతుంది. అమెరికా, ఐరోపాల నుంచి చేరిన ఫొటోలతో పోలిస్తే మన మెట్టపొలాల సాలీళ్లవీ, పెంకుపురుగులవీ తక్కువ. అందుకే చిన్న పురుగుల విషయంలో పైన వచ్చిన మొదటి పేరు నొక్కేయకూడదు. ఆ పేరు పక్కన, ఈ జాతి మీ చుట్టుపక్కల కనిపించేదేనన్న గుర్తు ఉందో లేదో చూడాలి. నమ్మకం కుదరకపోతే పాపిలియో అని ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు పేరు, దగ్గరే ఆపేయండి. తప్పు జాతి పేరుకన్నా సరైన ప్రజాతి పేరు పదిరెట్లు నయం. నాలుగు రోజులాగి అదే కొమ్మ దగ్గరికి వెళ్తే పురుగు పచ్చబడి, పోలికలు తేలుతుంటాయి. అయితే ఆ రోజు ఫొటోని పాత నమోదులో కలపకూడదు. ఒక జీవి, ఒక చోటు, ఒక సమయం కలిస్తేనే ఒక నమోదు.

ఇంకో మెలిక. నిమ్మచెట్టు మనం నాటింది, పురుగు తనంతట తాను వచ్చింది. చెట్టుని నమోదు చేస్తే అది సాగుమొక్క అని టిక్కు పెట్టాలి, పురుగుకి అక్కర్లేదు. కుండీలో మందారం, జూలో నెమలి ఇలా టిక్కు లేకుండా ఎక్కించడం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే.

ఏ భాగం ఫొటో తీశారన్నదాన్ని బట్టే పేరు తేలుతుంది. రోడ్డు పక్క జిల్లేడునే తీసుకోండి. మన దగ్గర రెండు జాతులున్నాయి. పూరేకులు విచ్చుకుని వెనక్కి వాలితే కలోట్రోపిస్ జైగాంటియా. గిన్నెలా పైకి నిలబడి, కొసలు ఊదారంగులో ఉంటే ప్రొసెరా. ఆకులు ఎన్ని తీసినా ఇది తేలదు, పువ్వుని పక్కనుంచి తీయాలి. పురుగు దశలో ఆ జిల్లేడు ఆకులే తిని, వాటి విషాన్ని ఒంట్లో దాచుకునే నారింజరంగు సీతాకోకచిలుక ప్లెయిన్ టైగర్. పిట్టలు దాని జోలికి పోవు. ఆ పరువు వాడుకుని బతికే నకిలీ కూడా ఉంది, గంగపాయల కూర మీద గుడ్లు పెట్టే డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. అసలుదానికి వెనకరెక్క మధ్యలో మూడు నాలుగు నల్లచుక్కలుంటాయి. నకిలీకి పై అంచు దగ్గర ఒక్కటే. వెనకరెక్క కనపడని ఫొటో ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

వరిపొలాల్లో తెల్లకొంగలకూ ఇంతే. నల్లకాళ్లకి పసుప్పచ్చ పాదాలుంటే చిన్న తెల్లకొంగ, కాబట్టి అది బురదలోంచి కాలెత్తేదాకా ఆగాలి. ముక్కు చీలిక కన్ను దాటి వెనక్కి పోతే పెద్ద తెల్లకొంగ, కంటి కిందే ఆగితే మధ్యరకం.

ఎక్కువ నమోదులు పాడయ్యేది మాత్రం లొకేషన్ దగ్గర. ఉదయం నెల్లూరు చెరువు దగ్గర తీసిన ఫొటోని రాత్రి ఇంట్లో ఎక్కిస్తూ 'ప్రస్తుత స్థలం' నొక్కితే కొంగ మీ వీధిలో వాలుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తేదీ, చోటు చెరిగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ముందే ఆన్ చేసుకోండి. ఉదయగిరి కొండల్లో సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, చోటు పట్టడానికి కాస్త సమయం తీసుకుంటుందంతే. చోటు ఎంత అటూఇటూ కావచ్చో చూపే వలయం మ్యాప్‌లో గుర్తు చుట్టూ కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటే దాన్ని చేత్తో సరిచేయాలి.

తేదీ, చోటు, ఫొటో లేదా శబ్దం సరిగ్గా ఉండి, పేరు చెప్పినవాళ్లలో మూడింట రెండొంతులకు మించి ఒకే జాతి అంటే నమోదు పరిశోధన స్థాయికి చేరుతుంది. కనీసం ఇద్దరు చెప్పాలి. అక్కడినుంచి, మీ నమోదుకి పెట్టిన లైసెన్సు అనుమతిస్తే, జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ సమాచార నిధికి వెళ్తుంది. ఎవరో పేరు పెట్టగానే మర్యాదకి 'అవును' నొక్కేవాళ్లుంటారు. రెండో ఓటు అలా వచ్చిందైతే ఆ స్థాయికి విలువే లేదు.

ముప్పున్న చాలా జాతులకి సరైన చోటుని సైటే దాచి, సుమారు 20 కిలోమీటర్ల చదరంలో ఎక్కడో చుక్క చూపిస్తుంది. అది చాలదనిపిస్తే, ముఖ్యంగా గూడో గుడ్లో ఉన్నచోట, మీరే 'అస్పష్టం' ఎంచుకోవచ్చు.

పాముల దగ్గర యాప్‌ని నమ్మకండి. కట్లపాముకీ, దాన్ని పోలిన విషంలేని వుల్ఫ్ స్నేక్‌కీ తేడా చెప్పే వెన్ను పొలుసులు కనపడాలంటే దగ్గరికెళ్లాలి, వెళ్లకూడని దూరమది. కాటు పడితే ఫొటో కోసం ఆగకుండా ఆస్పత్రికి పోవాలి.

చచ్చిన జీవి కూడా నమోదే. చలి తగ్గే నెలల్లో మైపాడు, కొత్తపట్నం ఒడ్డుకి తాబేళ్లు కొట్టుకొస్తుంటాయి. ముట్టుకోకుండా, కొలతకి పక్కన చెప్పు పెట్టి, డిప్పని నిట్టనిలువుగా పైనుంచి తీయండి. నడిమి వరసకి రెండు పక్కలా పలకలు లెక్కపెట్టాలి. నాలుగేసి ఉంటే పచ్చ తాబేలు కావచ్చు, ఆరు లేదా అంతకు మించితే ఆలివ్ రిడ్లీ. 'చనిపోయింది' అన్న గుర్తు పెట్టడం మరవకండి.