పార్కు గేటు మీద బోర్డు: 2020లో మొదలైన గొడవ

నెల్లూరులో మా పేట పార్కు గేటుకు ఈ వారం మళ్లీ బోర్డు కట్టారు. సాయంత్రం 4 నుంచి 6 దాకా పిల్లలకట, 6 నుంచి 8 దాకా పెద్దలకట. పోయినసారి కట్టినప్పుడు మాటలతో పోయింది, ఇప్పుడు అర్జీ దాకా వచ్చింది. పార్కు ఎట్లా వచ్చిందో, స్థలం ఎవరిచ్చారో పేటలో అందరికీ తెలుసు కాబట్టి అదంతా వదిలేస్తున్నా. అసలు ముడి పడింది 2020 మేలో.

లాక్‌డౌన్ సడలిస్తూ కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వుల్లో 65 ఏళ్లు దాటినవాళ్లు, పదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, జబ్బులున్నవాళ్లు ఇంట్లోనే ఉండాలన్నారు. ఆ రోజుల్లో అది అవసరమే. కానీ మా పార్కులో సాయంత్రాలు కలిసి గడిపింది దాదాపు ఆ వయసు తాతలూ అవ్వలూ, పిల్లలే. గేట్లు తెరిచాక నడివయసువాళ్లు వాకింగ్‌కు అలవాటు పడ్డారు. తాతలూ అవ్వలూ, పిల్లలూ తిరిగొచ్చేసరికి వేళలన్నీ పంచుకోవడం అయిపోయింది.

అంతకుముందు అక్కడ కోలాటం నేర్పేవాళ్లు. కోలాటానికి జంటలు సరిపోవాలి, ఒక్కరు తగ్గినా వలయం తెగుతుంది. మోకాళ్ల నొప్పులతో ఏ అవ్వయినా రాని రోజున ఆ చోట్లో ఒక పిల్లను నిలబెట్టేవాళ్లు. అట్లా మొదలై, కొన్నాళ్లకు సగం జంటల్లో ఒక వైపు అరవై దాటినవాళ్లు, ఇంకో వైపు ఆరో తరగతి పిల్లలు ఉండేవాళ్లు. కోపు, అంటే ఆట వరస, మారేటప్పుడు పిల్లలు తొందరపడితే పెద్దవాళ్లు ఆపేవాళ్లు, పెద్దవాళ్లు పాట మరిచిపోతే పిల్లలు అందుకునేవాళ్లు. అలసిపోయినవాళ్లు అరుగు మీద సుద్దతో గీసుకుని మేకా-పులి ఆడేవాళ్లు, మూడు పులులు, పదిహేను మేకలు. దాన్ని కార్యక్రమం అని ఎవరూ అనలేదు. అందుకే అది ఆగిపోయినా ఎవరి రికార్డులోనూ పడలేదు.

వాకింగ్‌కు వచ్చేవాళ్ల ఫిర్యాదు బంతి గురించి. ఒక పెద్దావిడకు తగిలి చెయ్యి వాచిన మాట నిజం. 2023 డిసెంబరు 26న రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన 'ఆడుదాం ఆంధ్ర' ఆటల పోటీలు మొదలయ్యాక కుర్రాళ్ల ప్రాక్టీసు పార్కులోకి వచ్చింది. ఆ పోటీలు 15 ఏళ్లు దాటినవాళ్లకు. బ్యాటు పట్టింది వాళ్లు, ఆరు తర్వాత రావొద్దన్నది కోలాటం పిల్లలను కూడా. పైగా రోహిణి కార్తెలో ఇక్కడ సాయంత్రం నాలుగింటికి బయటికి వచ్చే పిల్లలెవరు?

1999ని ఐక్యరాజ్యసమితి వృద్ధుల సంవత్సరంగా జరిపినప్పుడు అన్ని వయసులకూ చోటున్న సమాజం కావాలంది. ఆ ఏడాదే మన దేశం వృద్ధుల కోసం జాతీయ విధానం తెచ్చింది. తర్వాత 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం మనోవర్తి, వృద్ధాశ్రమాలు, వైద్యం, ఆస్తి రక్షణ గురించి చెప్పింది. అన్నీ కావలసినవే. సాయంత్రం ఆరింటికి ఎవరితో కూర్చోవాలన్నది మాత్రం గేటు మీద కట్టిన బోర్డుకు వదిలేసినట్టయింది.

అర్జీలో అడిగింది చిన్నదే. క్రికెట్‌ను దగ్గరున్న స్కూలు గ్రౌండుకు మార్చి, 6 నుంచి 7 దాకా అందరినీ రానివ్వమని. పిల్లల సంతకాలు చెల్లవన్నారట. అందుకని ఒకప్పుడు ఎవరి జంటలో ఎవరు నిలబడ్డారో గుర్తు చేసుకుని, ఆ పిల్ల పేరు రాసి పక్కన పెద్దవాళ్లే సంతకం పెడుతున్నారు.