పార్సిల్ మీది బార్‌కోడ్: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో కొరియర్ బుకింగ్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. పొద్దున షట్టర్ తీసేసరికి ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని నిలబడి ఉంటారు. "సార్, నిన్నటి నుంచి ఇదే చూపిస్తా ఉంది, పార్సిల్ ఎక్కడో పోయినట్టుంది" అంటారు. ఈ భయంతోనే డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అందుకే ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: ట్రాకింగ్ కదలకపోతే పార్సిల్ పోయినట్టే.

వాస్తవం: బార్‌కోడ్ అంటే కాగితం మీద అచ్చేసిన గీతలు. అందులో జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు. ఎవరైనా స్కానర్‌తో చదివినప్పుడే ఆ చోటు, ఆ టైము కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి. మీ ఫోన్‌లో కనిపించేది చివరిసారి స్కాన్ అయిన చోటు. ఈ నిమిషాన పార్సిల్ ఎక్కడుందో దానికి తెలియదు.

సాయంత్రం ఒకే వైపు వెళ్లే పార్సిళ్లన్నీ ఒక బ్యాగ్‌లో వేసి సీల్ చేస్తాం. బ్యాగ్‌కు వేరే బార్‌కోడ్ ఉంటుంది, లోపలి నంబర్లన్నీ దాని కింద నమోదవుతాయి. దారిలో స్కాన్ చేసినా బ్యాగ్‌నే చేస్తారు. హబ్‌లో, అంటే పార్సిళ్లను ఊళ్లవారీగా విడదీసే చోట, సీల్ తీసి ఒక్కొక్కటీ బయటికి తీసినప్పుడే మీ పార్సిల్ మళ్లీ స్కానర్ కింద పడుతుంది. లారీ రాత్రంతా రోడ్డు మీద ఉంటే ట్రాకింగ్‌లో కొత్త లైను ఎక్కడి నుంచి వస్తుంది? మధ్యలో ఆదివారమో పండగో వస్తే ఇంకా ఆలస్యం. పార్సిళ్లు అసలు పోవని నేను అనను. ఒకట్రెండు రోజులు కదలనంత మాత్రాన పోయినట్టు కాదు.

పుత్తూరు నుంచి ఒకమ్మ కొడుకు ఒరిజినల్ సర్టిఫికెట్లను పుణెకు పంపింది. ట్రాకింగ్ ఆగేసరికి రాత్రి నిద్రపట్టక, గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చేసింది. అవతలివాడు ట్రాకింగ్ నంబర్ అడిగి, వెబ్‌సైట్‌లో ఉన్నదే చదివి వినిపించాడు. "అడ్రస్ సరిగా లేదమ్మా, ఐదు రూపాయలు కట్టండి" అంటూ ఒక యాప్ దింపించాడు. దాంతో ఆమె స్క్రీన్ అంతా వాడికి కనబడింది. అకౌంట్ ఖాళీ అయింది. "ఏ ఊర్లో ఉందో కూడా కరెక్టుగా చెప్పినాడు నాయనా, ఆఫీసోళ్లే అనుకుంటి" అని కౌంటర్ దగ్గర ఏడ్చింది. సర్టిఫికెట్లు ఆ మధ్యాహ్నమే డెలివరీ అయ్యాయి.

ట్రాకింగ్ నంబర్ రహస్యం కాదు. అది తెలిసిన ఎవరైనా ఆ వివరాలు చూడొచ్చు. అవి చెప్పినంత మాత్రాన ఫోన్‌లో మాట్లాడేవాడు ఆఫీసు మనిషి అయిపోడు. "మీ పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి" అని వీడియో కాల్‌లో బెదిరించేవాళ్లూ ఇలాంటి మోసగాళ్లే. రసీదు మీద ఉన్న నంబర్‌కే ఫోన్ చేయండి, లేదా బుక్ చేసిన చోటికే రండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: బార్‌కోడ్‌లో మన పేరు, అడ్రస్ అన్నీ ఉంటాయి.

గీతల బార్‌కోడ్‌లో మామూలుగా ఉండేది నంబరే. వివరాలన్నీ కంప్యూటర్‌లో ఉంటాయి. స్పీడ్ పోస్ట్ నంబరే చూడండి: ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. తొమ్మిదో అంకె ముందున్న ఎనిమిదింటి నుంచి లెక్క కట్టి వచ్చేది. ఒక అంకె తప్పు కొడితే చాలావరకు అక్కడే దొరికిపోతుంది.

అపోహ: అంగట్లో కొన్న వస్తువు మీది బార్‌కోడ్ 890తో మొదలైతే అది ఇండియాలో తయారైన సరుకు.

కాదు. ఆ కంపెనీ నంబర్‌ను జీఎస్1 ఇండియా అనే, బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే సంస్థ నుంచి తీసుకుంది, అంతే. దానికీ మీ కొరియర్‌కూ సంబంధం లేదు.

అపోహ: పెట్టె ఏదైతే ఏంటి, లేబుల్ ఎక్కడ అంటిస్తే ఏంటి?

ఆన్‌లైన్‌లో వచ్చిన పెట్టెలోనే ఊరగాయ సీసాలు సర్ది బెంగళూరులో పిల్లలకు పంపుతారు. పాత బార్‌కోడ్ అలాగే ఉంటే స్కానర్ దాన్ని చదివి, పార్సిల్‌ను పక్కన పడేయొచ్చు. పాతది పీకేయండి, రాకపోతే మార్కర్‌తో పూర్తిగా కొట్టేయండి. కొత్త లేబుల్‌ను అంచు మీద మడత పెట్టి అంటించకండి, మెరిసే టేపు వేయకండి. స్కానర్ చదవకపోతే కింద ఉన్న అంకెలు చూసి చేత్తో కొడతాం. అవి కూడా చిరిగిపోతే కష్టం. అందుకే అడ్రస్, ఫోన్ నంబర్ రాసిన చీటీ ఒకటి పెట్టె లోపల కూడా వేయండి.