చెవి: అపోహలు - వాస్తవాలు

అపోహ: గులిమి మురికి. వారానికోసారైనా తీయాలి.

వాస్తవం: చెవి వైద్యుడిగా నేను ఎక్కువగా పోరాడేది ఈ నమ్మకంతోనే. చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న దారి పెద్దవారిలో సుమారు 2.5 సెంటీమీటర్లు. అందులో బయటి మూడో వంతు మృదులాస్థి. వెంట్రుకలు, గులిమి తయారుచేసే గ్రంథులు ఉండేది అక్కడే. ఆపైన అంతా ఎముక, దాని మీద చాలా పలుచని చర్మం. అంటే గులిమి లోపల పుట్టదు. అది కర్ణభేరిని ఆనుకుని గట్టిపడి ఉందంటే, చాలాసార్లు దూదిపుల్లో పిన్నీసో దాన్ని అక్కడికి నెట్టిందన్నమాటే. కర్ణభేరి మీది చర్మం నిరంతరం నెమ్మదిగా బయటివైపు జరుగుతూ ఉంటుంది. నమిలేటప్పుడు దవడ కదలిక కూడా తోడై గులిమిని బయటికి చేరుస్తుంది. అలా వచ్చినదాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. చెవిలో పుల్ల పెట్టగానే కొందరికి దగ్గు వస్తుంది, గమనించారా? గొంతుకు వెళ్లే వేగస్ నరం శాఖ ఒకటి ఈ దారి చర్మంలోనూ ఉంది. అంత సున్నితమైన చోటు అది.

అపోహ: తలస్నానం చేయిస్తే చెవిలోంచి నీళ్లు మెదడులోకి పోతాయి.

వాస్తవం: కర్ణభేరికి చిల్లు లేకపోతే నీళ్లు దాని వెనక ఉన్న మధ్యచెవికే చేరవు. పసిపిల్లల చెవుల్లో ఊదడం, నూనె పోయడం అవసరం లేదు.

అపోహ: పిల్లలకు చెవి కారడం మామూలే, పెద్దయ్యాక అదే తగ్గుతుంది.

వాస్తవం: నాకు భయం వేసే మాట ఇదే. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి ఒక నాళం ఉంటుంది. పిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉండటంతో జలుబు సులువుగా చెవికి పాకుతుంది. అలా చీము పట్టి కారే కొన్ని చెవుల్లో చర్మం లోపలికి పెరిగి, చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. శరీరంలోకెల్లా చిన్న ఎముక, సుమారు 3 మిల్లీమీటర్ల స్టేపిస్, అక్కడే ఉంది. మధ్యచెవి పైకప్పు పలుచని ఎముక రేకు, దాని మీదే మెదడు. నీళ్లకు భయపడతాం గానీ భయపడాల్సింది ఈ చీముకు. దుర్వాసనతో కారే చెవిని వెంటనే చూపించండి.

అపోహ: కర్ణభేరికి చిల్లు పడితే ఇక చెవుడే.

వాస్తవం: చెంపదెబ్బ వంటి వాటితో పడ్డ చిన్న చిల్లులు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే పూడుకుంటాయి. ఈలోగా చెవి తడవకూడదు, చుక్కల మందు సొంతంగా వేసుకోకూడదు. తిరిగి రానివి లోపలి చెవిలో శబ్దాన్ని పసిగట్టే కేశకణాలు. ఒక్కో చెవిలో సుమారు 15,000 ఉంటాయి, పెద్ద చప్పుళ్లకు చచ్చిపోతే మళ్లీ పుట్టవు. చిల్లు లేకుండానే, నొప్పి లేకుండానే ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేస్తే మాత్రం గులిమి అడ్డుపడిందనుకుని ఊరుకోవద్దు. మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెట్టిన చికిత్సకే ఎక్కువ ఫలితం ఉంటుంది.