చేలో ఒంటరిగా కనిపించిన కుందేలు పిల్ల అనాథ కాదు

పల్లి చేలు పీకడం, కంది కోతలు మొదలైతే చాలు, నా ఫోన్ ఆగదు. "డాక్టర్ గారూ, చేలో కుందేలు పిల్ల దొరికింది. తల్లి వదిలేసి పోయింది. ఆవు పాలు పడుతున్నాం, తాగట్లేదు." ఇందులో పిల్ల దొరికిందన్న మాట ఒక్కటే నిజం. తల్లి దాన్ని వదిలేయలేదు. ఆవు పాలు అసలు పట్టకూడదు.

అడవి జంతువులకు వైద్యం చేస్తూ పన్నెండేళ్లయింది. జాలితో ఇంటికి తెచ్చిన పిల్లలు పోయినన్ని, కుక్క కాట్లతో వచ్చినవి కూడా నా చేతుల్లో పోలేదు.

మన గుట్టల్లో, చేలల్లో తిరిగేది నల్లమెడ కుందేలు. మెడ వెనక నల్లటి మచ్చ ఉంటుంది. చెవులపిల్లి అన్నా ఇదే. ఇది బొరియ తవ్వదు. గడ్డి దుబ్బు పక్కన ఒళ్లు పట్టేంత గుంటలో పగలంతా నక్కి ఉంటుంది. ఈనేది కూడా నేల మీదే. పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి. కొద్ది రోజులకే తలా ఒక చోట విడివిడిగా దాక్కుంటాయి. అందుకే మీకు ఒక్కటే కనిపిస్తుంది. తల్లి పగలు దగ్గరికి రాదు. పిల్లకు వాసన చాలా తక్కువ, తల్లికి ఎక్కువ. తల్లి పక్కనే కూర్చుంటే నక్కకు, కుక్కకు దారి చూపినట్టే. పొద్దు గుంకాక వస్తుంది, కొద్ది నిమిషాలు పాలిస్తుంది, వెళ్లిపోతుంది. సాధారణంగా రోజుకు ఒక్కసారే. అంటే మీరు మధ్యాహ్నం చూసిన "దిక్కులేని" పిల్ల సాయంత్రం తల్లి కోసం కదలకుండా కాచుకుని ఉన్నదన్నమాట.

రెండేళ్ల కిందట వనపర్తి వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. ఆయన కూతురు పిల్లను చెప్పుల డబ్బాలో దూది వేసి పెట్టుకుంది. తిరిగి అక్కడే పెట్టమన్నాను. "ముట్టుకున్నాం కదా సార్, మనిషి వాసనకు తల్లి దగ్గరికి రానివ్వదంట." ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, ఎన్ని ప్రాణాలు తీసిందో! మనిషి ముట్టుకున్నంత మాత్రాన తల్లి పిల్లను వదలదు. "అన్నా, వాసన సంగతి నాకొదిలెయ్. దొరికిన చోటు గుర్తుందా?" అన్నాను. గట్టు మీది రేగు చెట్టు గుర్తట. చీకటి పడకముందే అక్కడ పెట్టి, తండ్రీకూతుళ్లు దూరంగా బోరు కాడి షెడ్డులో కూర్చున్నారు. ఏడు దాటాక ఫోన్. గుసగుసగా మాట్లాడుతున్నాడు. "వచ్చింది సార్. చెవులు నిక్కబెట్టి చుట్టూ చూసింది. పిల్ల ఉరికొచ్చి కింద దూరింది." మర్నాడు ఆ రేగు చెట్టు పక్కన నాలుగు సాళ్లు పీకకుండా వారం పాటు వదిలేశాడాయన.

చోటు మాత్రం మారకూడదు. తల్లి వెతికేది అక్కడే. కోత మిషన్ వచ్చి ఆ చోటు చదునైపోతే, పక్కనే ఉన్న గట్టు మీద గడ్డిలో పెట్టండి. ఊళ్లో పెరట్లో వదిలితే తల్లి ఎలా వస్తుంది?

ఇక పాలు. కుందేలు పాలలో కొవ్వు ఆవు పాలలో కన్నా మూడు రెట్లకు మించి ఉంటుంది. ఆవు పాలు పడితే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. డ్రాపర్‌తో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. రెండు రోజుల్లో పిల్ల ప్రాణమే పోవచ్చు. ఇప్పటికే పట్టేసిన వాళ్లు టెన్షన్ పడకండి. మీరు చేసింది ప్రేమతోనే. ఇప్పుడు ఆపి, ఈ సాయంత్రమే దాన్ని దాని చోటికి చేర్చండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కుందేలు ఎలుక జాతి కాదు. పై ముందు పళ్ల వెనక ఇంకో చిన్న జత ఉంటుంది, ఎలుకకు అది ఉండదు. అంగట్లో అమ్మే తెల్ల కుందేలు వేరు. దాని పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ వైపు బొరియల్లో బతికే రకం, దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. అదీ, మన అడవి కుందేలూ కలిసి పిల్లల్ని కనవు. కుందేలు రక్తం కలిపిన నూనె రాస్తే జుట్టు పెరుగుతుందన్నది ఒట్టి మాట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించే వాళ్లతో నాకు ఓపిక లేదు. అడవి కుందేలును పట్టినా, పెంచినా, తిన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే.

నిజంగా తీయాల్సిన పిల్లలూ ఉంటాయి. రక్తం కారుతున్నా, కుక్క నోట పడినా, ఒంటి మీద చీమలు పట్టినా, ఈగలు గుడ్లు పెట్టినా, పక్కనే తల్లి చచ్చి పడి ఉన్నా, ఒళ్లు చల్లబడి వాలిపోయినా తీసుకోండి. అట్ట పెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, చీకట్లో, చప్పుడు లేని చోట ఉంచి ఫారెస్ట్ వాళ్లకు చెప్పండి. నీళ్లు, పాలు ఏవీ వద్దు. దాన్ని ఇంట్లో చిన్న పిల్లలందరి చేతులూ మారనివ్వొద్దు, భయానికే గుండె ఆగిపోవచ్చు. గీరినా, కరిచినా సబ్బుతో బాగా కడిగి డాక్టర్‌కు చూపించుకోండి. పెట్టెకు గాలి ఆడేలా చిల్లులు పెట్టడం మర్చిపోకండి.