బిల్డ్ సిస్టమ్ మార్చేస్తే అంతా స్పీడైపోతుందా? అపోహలు - వాస్తవాలు

"బిల్డ్ చాలా స్లో అయిపోయింది, బేజెల్‌కి మారిపోదామా?" బిల్డ్ పనులు, అంటే కోడ్‌ని కంపైల్ చేసి (మెషీన్ భాషలోకి మార్చి) నడిచే ప్రోగ్రామ్‌గా చేసే పనులు, చూసే నాలాంటివాళ్లకి ఈ ప్రశ్న విని విని చెవులు చిల్లులు పడ్డాయి. అసలు ఎందుకు స్లో అయిందో చూశారా అంటే మాత్రం జవాబుండదు. బేజెల్ అనే ఈ బిల్డ్ సిస్టమ్‌ని (ఏ ఫైలు ఎప్పుడు బిల్డ్ చేయాలో చూసుకునే టూల్‌ని) గూగుల్ వాడుతోంది కదా అంటారు.

అపోహ: బిల్డ్ నెమ్మదిగా ఉందంటే తప్పు బిల్డ్ సిస్టమ్‌దే.

వాస్తవం: చాలాసార్లు తప్పు డిపెండెన్సీ గ్రాఫ్‌లో, అంటే ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో చెప్పే పటంలో, ఉంటుంది, అది రాసింది మనమే. ఈ ఒక్క అపోహ మీద టీములు నెలలకు నెలలు తగలేస్తున్నాయి. నన్ను పిలిచిన ఒక సీ ప్లస్ ప్లస్ టీములో ఎక్కడో ఒక్క లైను మార్చినా ప్రాజెక్టంతా మళ్లీ కంపైలయ్యేది. వాళ్లు వాడుతున్న సీమేక్ అనే బిల్డ్ టూల్ పనికిరాదని తేల్చేసి, మైగ్రేషన్ ప్లాన్ కూడా రాసేసుకుని కూర్చున్నారు. సీమేక్ కింద బిల్డ్‌ని నడిపే నింజా అనే టూల్‌లో 'ఎక్స్‌ప్లెయిన్' అని ఒక డీబగ్ మోడ్ ఉంది, ఏ ఫైలు ఎందుకు మళ్లీ బిల్డ్ అవుతోందో అదే చెబుతుంది. అది ఆన్ చేస్తే స్క్రీన్ నిండా ఒకటే పేరు, వెర్షన్ హెడర్ (హెడర్ అంటే మిగతా ఫైళ్లు తమలోకి ఇంక్లూడ్ చేసుకునే ఫైలు). ప్రతి బిల్డ్‌కీ ఒక స్క్రిప్ట్ అందులో అప్పటి టైమ్ రాస్తోంది, దాన్ని లాగింగ్ హెడర్ ఇంక్లూడ్ చేస్తోంది, ఇక లాగింగ్ హెడర్ లేని ఫైలంటూ లేదు! ఆ టైమ్‌ని ఒక సోర్స్ ఫైల్లోకి తీసుకెళ్లి, హెడర్లో డిక్లరేషన్ మాత్రం ఉంచాం. అప్పట్నుంచి మార్చిన ఫైలు, ఆ ఒక్క వెర్షన్ ఫైలు కంపైలై లింక్ అవుతున్నాయి, అంతే. అదే హెడర్‌ని ఉన్నదున్నట్టు బేజెల్‌కి ఇచ్చినా ప్రతిసారీ కంటెంట్ మారుతుంది కాబట్టి ఇదే తంతు.

బేజెల్ మంచిది కాదని నేననట్లేదు. గూగుల్ లోపల బ్లేజ్‌గా వాడుకున్నదాన్నే 2015లో ఓపెన్ సోర్స్ చేశారు. పాత టూల్ మేక్, నింజా ముఖ్యంగా ఫైలు టైమ్‌స్టాంప్ చూస్తాయి, అందుకే గిట్‌లో బ్రాంచ్ మారి వెనక్కొస్తే ఏమీ మారకపోయినా మళ్లీ కంపైల్ చేస్తాయి. బేజెల్ కంటెంట్ హ్యాష్ (ఫైల్లో ఉన్నదాన్నుంచి లెక్కగట్టే గుర్తు) చూస్తుంది, పైగా రిమోట్ క్యాష్ (బిల్డ్ ఫలితాలు దాచే ఉమ్మడి సర్వర్) పెడితే ఒకరు బిల్డ్ చేసింది మిగతావాళ్లకీ పనికొస్తుంది. కానీ అందుకోసం ప్రతి టార్గెట్ (బిల్డ్ చేయాల్సిన ఒక్కో భాగం) ఇన్‌పుట్లూ పొల్లుపోకుండా రాయాలి, థర్డ్ పార్టీ లైబ్రరీలన్నిటికీ దారి చూపించాలి, ఆ క్యాష్ సర్వర్‌ని ఎవరో ఒకరు చూసుకోవాలి. ఆ పనికి మీ టీములో మనిషి ఉన్నారా? లేకపోతే వద్దు.

అపోహ: సీమేక్ కన్నా నింజా ఫాస్ట్.

వాస్తవం: రెండిటికీ పోటీయే లేదు. సీమేక్ కంపైల్ చేయదు, బిల్డ్ ఫైళ్లు తయారుచేసి పెడుతుంది. వాటిని నడిపేది మేక్ అయినా కావచ్చు, నింజా అయినా కావచ్చు. సీమేక్‌లో ఆ ఎంపికని జనరేటర్ అంటారు, అక్కడ నింజాని పెట్టుకోండి, సరిపోతుంది.

అపోహ: మేక్ కాలం చెల్లింది.

వాస్తవం: 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసింది ఇప్పటికీ నడుస్తోంది, లైనక్స్ కెర్నల్ బిల్డయ్యేది దాంతోనే.

అపోహ: ఏదైనా తేడా వస్తే క్లీన్ చేసి మళ్లీ బిల్డ్ కొడితే పోతుంది.

వాస్తవం: పోదు, దాక్కుంటుంది. క్లీన్ చేస్తేగానీ పని జరగట్లేదంటే ఎక్కడో ఒక డిపెండెన్సీ రాయలేదన్నమాట. ప్యారలల్‌గా నడిపితే ఫెయిలై, ఒక్కొక్కటిగా నడిపితే పాసయ్యే బిల్డ్‌కి కూడా చాలావరకు కారణం ఇదే. జావా, ఆండ్రాయిడ్ వాళ్లు వాడే బిల్డ్ టూల్ గ్రేడిల్ గురించి 'గ్రేడిల్‌తో ఇంతే' అని నిట్టూర్చే ముందు ఇన్ఫో లాగ్ ఒకసారి తెరవండి, ఏ టాస్క్ ఎందుకు మళ్లీ నడిచిందో రాసే ఉంటుంది.

అపోహ: మొదట్లోనే తప్పుది ఎంచుకుంటే ప్రాజెక్ట్ మునిగిపోతుంది.

వాస్తవం: కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దీని గురించి పడే టెన్షన్ చూస్తే జాలేస్తుంది, పోలికల వీడియోలు చూసి చూసి ఒక్క లైను కోడ్ రాయకుండా ఆగిపోయినవాళ్లున్నారు. రస్ట్ అయితే కార్గో, గో అయితే దాంతో వచ్చేదే, ఆండ్రాయిడ్ అయితే గ్రేడిల్, జావా సర్వర్ అయితే మేవెన్ లేదా గ్రేడిల్, సీ ప్లస్ ప్లస్ అయితే సీమేక్, నచ్చకపోతే మెసన్. మీ భాషలో ఎక్కువమంది వాడేది తీసుకోండి, ఎర్రర్ వస్తే వెతికిన చోట జవాబు దొరుకుతుంది. ప్రాజెక్ట్ చిన్నగా ఉన్నప్పుడు మార్చుకోవడం పెద్ద పనేం కాదు. పెద్దదయ్యాక మార్చాల్సి వచ్చినా, డిపెండెన్సీలు శుభ్రంగా రాసి ఉంటే సగం పని అయిపోయినట్టే.