వెండి రంగు పూసిన గోడ

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

దుకాణాల బోర్డులనూ ప్రకటనలనూ చూసి వేసిన బొమ్మ కూడా కళ అవుతుందా అని పోయిన ఉత్తరంలో అడిగారు. అందుకు జవాబుగా న్యూయార్క్‌లోని ఫ్లషింగ్ మెడోస్ పార్కులో 1964 ఏప్రిల్ 22న మొదలైన ప్రపంచ ప్రదర్శన సంగతి చెబుతాను. అక్కడ న్యూయార్క్ రాష్ట్రం తరఫున మండపం కట్టిన వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్, అందులోని గుండ్రని థియేటరు బయటి గోడ మీద పదిమంది కళాకారుల పనులను పెట్టించాడు. వారిలో కొందరు పాప్ ఆర్ట్ వారు, అంటే బజారులో రోజూ కంటపడేవాటినే కళగా మలిచేవారు. రాయ్ లిక్టెన్‌స్టైన్ కిటికీలోంచి వంగి నవ్వే అమ్మాయిని కామిక్ బొమ్మలా వేశాడు. రాబర్ట్ ఇండియానా ‘తినండి’ అనే అర్థం వచ్చే ‘ఈట్’ అన్న మాటను విద్యుద్దీపాలతో పెడితే, జనం అక్కడ హోటల్ ఉందనుకోవడంతో ఆ దీపాలు ఆర్పేయవలసి వచ్చింది. బజారు భాష అంత బాగా పట్టుబడిందన్నమాట!

ఆండీ వార్హోల్ ఎంచుకున్నది ఇంకా కఠినమైనది. న్యూయార్క్ పోలీసులు తాము వెతుకుతున్న పదమూడుమంది నేరస్థుల గురించి 1962లో వేసిన చిన్న పుస్తకంలోని ఫొటోలను, ఎదుటి నుంచీ పక్క నుంచీ తీసినవాటిని, పెద్దవి చేసి అచ్చువేశాడు. మన ఊళ్ళలో శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతే అది: చట్రానికి బిగించిన సన్నని గుడ్డ మీద రంగు పోసి రబ్బరు పట్టీతో లాగితే, మూసిన చోట రంగు ఆగిపోతుంది, తెరిచిన చోట కిందికి దిగుతుంది. దగ్గరికి వెళితే నల్లని చుక్కలే కనబడతాయి. వెనక్కి జరిగితేనే అవి ముఖాలవుతాయి. అలాంటి పలకలు మొత్తం 25 కలిసి 20 అడుగుల చదరం అయ్యాయి.

ప్రదర్శన తలుపులు తెరవకముందే వాటి మీద వెండి రంగు పూసేశారు. గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ అభ్యంతరం చెప్పాడని జాన్సన్ తరువాత అన్నాడు. ఆ ఫొటోల్లో చాలామంది ఇటాలియన్ సంతతివారు కావడంతో ఆ వర్గం ఓటర్లు నొచ్చుకుంటారన్న భయమే కారణమని చెబుతారు. వాటికి బదులుగా, ప్రదర్శన అధ్యక్షుడైన రాబర్ట్ మోజెస్ నవ్వు ముఖాన్నే 25 పలకల మీద వేస్తానని వార్హోల్ అంటే జాన్సన్ ఒప్పుకోలేదు. అధికారికి కోపం వస్తుందని గోడను మూసివేయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అయితే వార్హోల్ ఆ ముఖాలను వదలలేదు. ఆ వేసవిలోనే వాటిని విడివిడిగా కాన్వాసుల మీద మళ్ళీ అచ్చువేశాడు. యాభై ఏళ్ళ తరువాత, 2014లో, అదే పార్కులోని క్వీన్స్ మ్యూజియం వాటిలో కొన్నిటిని తెప్పించి గోడలకు వేలాడదీసింది.

ఇట్లు,
మీ తాతయ్య